బాలికల చేతికి పనిముట్లు

(చేబ్రోలులో గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగము)



ఈ ఉదయము తెనాలి దారిన చేబ్రోలునకు వచ్చుచు ఒక గ్రామమున కొంతసేపు ఆగితిమి. అచ్చటి మంచినీటి ట్యాంకు నిండి, పైనుండి నీరు ధారకట్టి పడుచుండెను. మోటారు వేసిన మనిషి వేరొక పనిమీద పోయి యుండెను. నీరంతయు బాట దాటి మురుగు కాలువలో కలియుచుండెను. నిలిచి చూచుచున్నవారిలో పుస్తకముల సంచి భుజమున వేసికొన్న బాలిక ఒకతె కలదు. ఎనిమిదవ తరగతియో, తొమ్మిదవ తరగతియో అయి యుండును. "నిండగానే గంట మోగేటట్లు చేయకూడదా, తాతయ్యా?" అని ఆమె ప్రక్కనున్న పెద్దను అడిగెను. "మనకెందుకులే అమ్మా, బడికి పొద్దుపోతోంది, నడువు" అని ఆయన అనెను. ఆయన యందు కోపము లేదు. మనలో ఎవరమైనను ఆ మాటయే అని యుందుము.

మేము మీకు మనవి చేయదలచినది ఆ బాలిక ప్రశ్నను గూర్చియే. ఆ గంటను చేయగలిగినది ఆమెయే. ఆమె చేత చేయించుటకు చోటు, సమయము, పనిముట్లు సమకూర్చగలిగినది పంచాయతీ.

ఆ గంట ఎట్లు పనిచేయునో ముందు చెప్పెదము. అది తెలిసినచో ఈ విద్యయన్న భయము సగము పోవును. దానికి కావలసినవి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి, శబ్దము చేయు బజరు ఒకటి, రెండు పొడవైన తీగలు, ఒకటి రెండు రెసిస్టరులు, బి.సి. 547 అను ట్రాన్సిస్టరు ఒకటి. అన్నియు కలిపి నూటయేబది రూపాయలకు మించవు. ట్రాన్సిస్టరనగా మన పెద్దలకు రేడియో జ్ఞప్తికి వచ్చును. నిజమునకు ఆ రేడియోకు ఆ పేరు లోపలనున్న ఈ చిన్న వస్తువు వలననే వచ్చినది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఇది పుట్టినది. మూడు కాళ్లు, శనగగింజంత దేహము. ఇది చేయు పని మన డెల్టా రైతునకు ఇట్టే తెలియును. కొమ్మమూరు కాలువ తూము కడ లస్కరు తలుపు త్రిప్పుటకు వినియోగించు బలమెంత? త్రిప్పిన పిదప తూము గుండా పారు నీటి బలమెంత? ట్రాన్సిస్టరు అట్టి తూమే. ట్యాంకులో పై అంచు కడ వ్రేలాడదీసిన రెండు తీగల కొనలను నీరు తాకినంతనే, ఒక కొననుండి మరియొక కొనకు నీటి గుండా అతి స్వల్పమైన విద్యుత్తు పారును. ఆ స్వల్పము బజరును మ్రోగింపజాలదు. కాని ట్రాన్సిస్టరు తలుపు తెరచుటకు చాలును. తలుపు తెరచుకొనగానే బ్యాటరీలోని విద్యుత్తు బజరులోనికి వచ్చి అది మ్రోగును. ఇంతియే. ఇందు పదమూడేండ్ల పిల్లకు అందనిది ఏదియు లేదు.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో పిల్లలకు ఇట్టి పనులు నేర్పించుటకు పూనుకొంటిమి. నలుగురికి ఒక పెట్టె చొప్పున సామగ్రి ఇచ్చి, ప్రతి జట్టులోను బాలురు, బాలికలు ఉండునట్లు కూర్చుండబెట్టితిమి. సమానత్వము పాటించితిమని సంతోషించితిమి. అరగంట గడచిన పిదప చుట్టు తిరిగి చూడగా, ప్రతి జట్టులోను సోల్డరింగు కడ్డీ బాలుని చేతిలో నుండెను. బాలిక చేతిలో నోటుపుస్తకము ఉండెను. "దస్తూరి బాగుంటుందని మమ్మల్ని రాయమన్నారు" అని ఒక బాలిక చెప్పెను. అట్లనినది ఎవరా యని విచారింపగా, మొదట అట్లు పురమాయించినది మేమేయని తేలినది. ఎవరును బాలికను పొమ్మనలేదు. ఎవరును ఆమెను తక్కువగా మాటాడలేదు. ఆమె చేతినుండి కడ్డీ మాత్రము జారిపోయెను.

మరుసటి వారము బాలికలనే ఎనిమిది మందిని ఒకచో కూర్చుండబెట్టి, ఇద్దరికి ఒక పెట్టె చొప్పున ఇచ్చితిమి. మొదటి దినమున ఒక ట్రాన్సిస్టరు కాలిపోయెను. రెండు బజరులు తిరగవేసి కలుపుటచే పలుకలేదు. మూడవ దినమునకు నాలుగు గంటలును మ్రోగినవి. అందులో ఒకదానిని ఒక ఇంటి ట్యాంకునకు అమర్చగా, మూడు వారములు చక్కగా పనిచేసి ఆగిపోయెను. పైకి తీసి చూడగా నీటిలోనున్న రాగి తీగ కొన పచ్చబారి తినివేయబడి యుండెను. ఏమి చేయవలెనో మేము ఆలోచించుచుండగనే, ఒక బాలిక ఇంటికి పోయి వంటింటినుండి రెండు స్టీలు చెంచాలు తెచ్చి, తీగ కొనలకు కట్టినది. స్టీలు త్వరగా తుప్పు పట్టదని ఆమెకు ఏ పుస్తకమును చెప్పలేదు; గిన్నెలు తోముటచే తెలిసినది. ఇంటిపని వలన చదువు చెడునని మనమందుము. ఆనాడు మాత్రము ఇంటిపనియే చదువునకు అక్కరకు వచ్చెను. ఆ చెంచాలకై తల్లిచేత చీవాట్లు తిన్నదని పిదప వింటిమి.

కొందరు పెద్దలు, ఆడుపిల్లలకు ఈ విద్య మన వంశములలో లేదని అందురు. ఇది నిజము కాదు. భారతదేశమున విద్యుత్ ఇంజనీరింగు పట్టము పొందిన తొలి మహిళ తెలుగింటి ఆడుబిడ్డయే. అయ్యలసోమయాజుల లలిత గారు 1919 ఆగస్టు 27న మద్రాసులో జన్మించిరి. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆ కాలపు ఆచారమును బట్టి ఆమెకు పదునైదవ యేటనే వివాహమైనది. పిదప కుమార్తె కలిగినది. ఆ శిశువునకు నాలుగు నెలలు నిండునప్పటికి భర్త గతించిరి. పదునెనిమిదేండ్ల వితంతువు, చంకలో బిడ్డ. ఆనాటి సంఘములో ఆమెకు మిగిలిన దారి ఏమియో మీలో పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. తండ్రి ఆమెను ఇంట కూర్చుండనీయక, కళాశాల అధికారులతో మాటాడి, 1940లో విద్యుత్ ఇంజనీరింగు తరగతిలో చేర్పించిరి. అంతవరకు ఆ కళాశాలలో స్త్రీ యన్నది లేదు. ఒంటరిగా నుండుట కష్టమగుటచే, కళాశాలవారు స్త్రీలకు ప్రవేశము కలదని ప్రకటించిరి. మరి ఇద్దరు వచ్చి చేరిరి. పట్టపు పత్రములపై పురుషుని సూచించు మాట ముందే అచ్చు వేయబడి యుండగా, దానిని కొట్టివేసి స్త్రీని సూచించు మాట చేతితో వ్రాసి ఇచ్చిరట! పిదప లలిత గారు కలకత్తాలో అసోసియేటెడ్ ఎలెక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరి, విద్యుత్తును దూరమునకు కొనిపోవు లైనులకు, సబ్‌స్టేషనులకు నమూనాలు గీచిరి. భాక్రానంగల్ ప్రాజెక్టు పనులలో ఆమె చేయి కలదు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశమునకు వెళ్లిరి. 1979లో స్వర్గస్థులైరి.

ఈ కథలో మేము రెండు సంగతులు గమనించితిమి. ఒకటి, తండ్రి నిలబడుట. రెండవది, కళాశాలవారు ఆమెకు తోడు వెదకుట. మన గ్రామములలో బాలిక ఒక్కతెను పిలిచి ఒక మూల కూర్చుండబెట్టి, "నీవు చేయుము" అన్నచో ఆమె రెండవ దినము రాదు. ఆరుగురినో, ఎనిమిది మందినో ఒక్కసారిగా పిలువవలెను.

మన కాలపు ముచ్చట మరియొకటి. 2022లో దేశమందలి 75 ప్రభుత్వ పాఠశాలలనుండి 750 మంది బాలికలు చిన్న చిన్న పరికరములు సిద్ధపరచిరి. వానిని చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా అను సంస్థ ఒక ఉపగ్రహములో కూర్చినది. దాని పేరు ఆజాదీశాట్. తూకము ఎనిమిది కిలోలు. మన ప్రకాశం జిల్లా సూరారెడ్డిపాలెం జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల బాలికలును అందు పాల్గొనిరి. ఆ సంవత్సరము ఆగస్టు 7న శ్రీహరికోటనుండి రాకెట్టు లేచినది; కాని ఉపగ్రహమును తగిన కక్ష్యలో నిలుపలేకపోయెను. పిల్లలు చేసినదంతయు పోయెను. వారు చేసినదానిలో లోపము లేదు, లోపము రాకెట్టు వైపున జరిగినది. ఆరు నెలలు తిరిగిన పిదప, 2023 ఫిబ్రవరి 10న రెండవ ఆజాదీశాట్ అదే తరగతి రాకెట్టుపై వెళ్లి కక్ష్యలో నిలిచినది. ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. బాలికలు ఉపగ్రహమునంతయు తామే నిర్మింపలేదు. సామగ్రి పంపబడినది, చేయు విధము చెప్పబడినది, వారు కూర్చి, పని చేయు ఆజ్ఞలు వ్రాసిరి. అయినను పల్లెటూరి బడిలో కూర్చుండి చేసిన వస్తువు ఆకాశమునకు వెళ్లుట స్వల్ప విషయము కాదు.

చీరాలలో జన్మించిన బండ్ల శిరీష గారు 2021 జులై 11న అమెరికాలో రోదసీ నౌకపై పయనించినప్పుడు, తెనాలి ప్రాంతమంతయు మా పిల్లయని పొంగిపోయెను. పొంగవలసినదే. ఆమె చిత్రపటమును బడి గోడకు అంటించుట తేలిక. ఆ గోడ క్రింద కూర్చున్న పిల్ల చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చుట కొంచెము కష్టము.

ఇందు నష్టమేమియని ఎవరైన అడుగవచ్చును. మన ప్రాంతపు బాలికలు చదువుటలేదా? చదువుచున్నారు. చేబ్రోలు మండలములోనే వడ్లమూడి యందు విశ్వవిద్యాలయము కలదు. ఎలక్ట్రానిక్సు పట్టము పుచ్చుకొన్న మన ఆడుబిడ్డలు అనేకులు. కాని వారిలో ఎందరు పదునెనిమిదవ యేటికి ముందు ఒక తీగను మరియొక తీగకు టంకము పెట్టి యెరుగుదురో విచారింపుడు. చదువు కంఠమున నున్నది, చేతికి దిగలేదు. మరియొక వైపున శ్రీసిటీ వంటి చోట్ల ఫోనులు బిగించు కర్మాగారములలో పనిచేయువారు అధికులు యువతులే. దినమెల్ల వేలకొలది పలకలు వారి వ్రేళ్ల నడుమ సాగిపోవును. ఆ పలకపై నున్నది ఏమియో, ఎందులకో వారికి ఎవరును చెప్పరు. ఒకరికి తెలివి కలదు, చేయి లేదు. మరియొకరికి చేయి కలదు, తెలియజెప్పువారు లేరు. ఈ రెండును ఒకే బాలికయందు కలియవలసిన వయస్సు పన్నెండు మొదలు పదునారు వరకు. సరిగా అప్పుడే మనము ఆమెను పెద్దపిల్లయైనదని సైకిలు బాగుచేయు చోటినుండి, మోటారు విప్పు చోటినుండి లోపలికి పిలుచుచున్నాము.

పెద్ద చదువు లేనివారికి ఇది రాదనుటయు తప్పు. రాజస్థానములోని తిలోనియా గ్రామమున 1972లో స్థాపింపబడిన బేర్‌ఫుట్ కాలేజీలో, చదువురాని పల్లెటూరి స్త్రీలు, అమ్మమ్మలు, నాయనమ్మలు సైతము సౌరదీపముల పలకలకు టంకము పెట్టుట నేర్చుకొన్నారు. రెసిస్టరుపై నుండు రంగు గీతలను బట్టి, వస్తువుల ఆకారమును బట్టి గుర్తుపట్టుదురు. కలాపి ముగ్గులు వేయు చేతులకు ఆ రంగుల వరుస ఏపాటి?

కుట్టుపని తెలిసిన బాలికలకు వేరొక దారి కలదు. విద్యుత్తు పారు దారముతో బట్టపైననే కుట్టుటకు వీలుగా అమెరికాలో లేయా బ్యూక్లీ అను విదుషి లిలీప్యాడ్ అను గుండ్రని పలకను రూపొందించినది. జాకెట్టుపై మగ్గం పని చేయు పిల్ల ఆ దారముతో చిన్న దీపములను కుట్టగలదు. ఇది మంచి ద్వారమే. కాని ఆడుపిల్లలకు కుట్టు, మగపిల్లలకు మోటారు అని మరల గోడ కట్టుటకు దీనిని వాడుకొనరాదని మా అభిప్రాయము.

మీ సందేహములు మాకు తెలియును. షాకు కొట్టునేమోయన్నది మొదటిది. ఈ పనులన్నియు బ్యాటరీతో చేయునవి, ఐదు తొమ్మిది వోల్టులు మాత్రమే. వానిని చేతితో తాకినను అపాయము లేదు. ఇంటిలోని 230 వోల్టుల ప్లగ్గు జోలికి పిల్లలు పోరాదను నియమము మొదటి దినముననే పెట్టవలెను. సోల్డరింగు కడ్డీ మాత్రము గోడ ప్లగ్గునకే తగిలింపవలసినది. దానిని ఉపాధ్యాయుడే తగిలింపవలెను, తీయవలెను. మొదటి నెలలో ఆ కడ్డీయే అవసరము లేదు. బ్రెడ్‌బోర్డు అను చిల్లుల పలకపై తీగలు గ్రుచ్చి, తప్పైనచో పెరికి మరల గ్రుచ్చవచ్చును. కడ్డీ పట్టు దినమున దాని కొన మూడు వందల డిగ్రీల వేడికి మించునని చెప్పి, స్టాండుపై తప్ప పెట్టరాదని కట్టడి చేయవలెను. టంకములో సీసము కలిసి యుండును గనుక కిటికీ తెరచి యుంచవలెను. పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగుకొననిదే ఏదియు తినరాదు. పొయ్యి వద్ద పదేండ్లనుండి పనిచేయుచున్న పిల్లకు వేడి వస్తువు జాగ్రత్త కొత్త పాఠము కాదు.

రెండవ సందేహము పొద్దు. సాయంత్రము చీకటి పడిన పిదప పిల్ల ఎట్లు వచ్చునని తల్లి అడుగును. అది న్యాయమైన ప్రశ్న. అందుచే ఆదివారము ఉదయము పెట్టవలెను. నీళ్లు పట్టుట, తమ్ముని చూచుకొనుట అను పనులు ముగిసిన తరువాత తొమ్మిదింటికి మొదలిడి, భోజనవేళకు ముగింపవలెను. పొదుపు సంఘములోని ఒక అక్కగారు అచ్చట కూర్చుండిన తల్లికి ధైర్యము. ఆ అక్కగారును నేర్చుకొన్నచో మరియు మేలు. పదవ తరగతి పరీక్షలు అడ్డు వచ్చునందురు. కనుకనే ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులవారితో ఆరంభింపుడు.

ఇది పాఠశాల పని కదా, పంచాయతీకేమి సంబంధమని అనుకొనవలదు. 73వ సవరణచే రాజ్యాంగమున చేర్చబడిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. ప్రాథమిక, ఉన్నత పాఠశాలల విద్య, సాంకేతిక శిక్షణ, గ్రంథాలయములు, స్త్రీ శిశు సంక్షేమము ఈ నాలుగును ఆ పట్టికలో నున్నవి. పాఠశాలలకు కేంద్రము 2016 నుండి అటల్ టింకరింగ్ ల్యాబులను ఇచ్చుచున్నది. ఒక్కొక్కదానికి ఇరువది లక్షల రూపాయల సహాయము. అట్టిది మీ సమీప పాఠశాలలో నున్నచో, మీరు చేయవలసిన పని ఒక్కటే. ఒకనాడు పోయి, తాళము ఎవరివద్ద నున్నదో, వారమునకు ఎన్నిమారులు తెరచుచున్నారో, తెరచిన దినమున కడ్డీ ఎవరి చేతిలో నున్నదో కన్నులార చూడుడు. లేనిచో దానికై ఎదురుచూడ నక్కరలేదు. ఒక బల్ల, ఒక కిటికీ, తాళము పెట్టు పెట్టె చాలును. శాఖా గ్రంథాలయములో ఒక మూల దొరకవచ్చును. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసిన ప్రాంతము మనది. పుస్తకములకు చోటిచ్చిన పల్లెలు పనిముట్లకు చోటీయకపోవునా?

పనులు ఎచ్చటినుండియో తేనక్కరలేదు. పగలు కూడ వెలుగుచున్న వీధిదీపము మీ కరెంటు బిల్లులో కనబడుచునే యున్నది. వెలుగు సోకినచో నిరోధము తగ్గు ఎల్.డి.ఆర్. అను చిన్న బిళ్లతో, చీకటి పడగానే వెలుగు బొమ్మదీపమును బాలికలు బ్యాటరీపై చేయుదురు. అసలు స్తంభముపై అమర్చుట లైన్‌మన్ పని. దుగ్గిరాల పసుపునకు తేమ శత్రువు. తేమను, వేడిని అంకెలలో చూపు పరికరమును కొట్టునందు పెట్టి నెల దినములు వ్రాసి చూడవచ్చును. స్తంభమునుండి దింపివేసిన ఎల్.ఇ.డి. బల్బు నొకటి, విద్యుత్తుతో సంబంధము లేకుండ కొన్ని దినములుంచి, ఉపాధ్యాయుని ఎదుట విప్పించుడు. లోపల వరుసగా గ్రుచ్చిన దండవలె దీపపు చుక్కలుండును. పెక్కుమారులు వానిలో ఒక్కటి మాడి నల్లబడుటచేతనే మొత్తము బల్బు ఆరిపోవును. మనము పారవైచినది ఏమియో పిల్లలకు అప్పుడు తెలియును.

నెలకొకమారు గ్రామసభలో ఒక బాలిక లేచి తాను చేసినది చూపి, ఎట్లు పనిచేయునో తానే చెప్పవలెను. ఆమె బదులు ఉపాధ్యాయుడు గాని, అన్న గాని చెప్పరాదు. పనిచేయకపోయినను చూపవచ్చును, ఏల పనిచేయలేదో చెప్పిన చాలును.

ఉదయము చూచిన ట్యాంకు సంగతి సర్పంచి గారితో మాటాడితిమి. వచ్చు ఆదివారము ఎనిమిది మంది బాలికలను పిలిపించెదమనిరి. బజరులు, బ్యాటరీలు మేము తెచ్చెదము. ట్యాంకుపైకి నిచ్చెన ఎక్కుటకు పంచాయతీ పనివాని నొకని పంపవలెను. క్రింద తీగలు కలుపు పని బాలికలది. రెండు స్టీలు చెంచాలు పంచాయతీ ఖాతాలో కొనవలసినదిగా కోరుచున్నాము. ఈసారి ఏ తల్లిచేతను చీవాట్లు తినుట మాకు ఇష్టము లేదు.